షాంఘై నాన్‌జింగ్ రోడ్డులో చిరుతిళ్లకు బయల్దేరేముందు

ఫోన్ పని ఇంటి దగ్గరే ముగించుకోండి. అక్కడ డబ్బు చెల్లించే యాప్‌లైన అలీపే గానీ వీచాట్ గానీ వేసుకుని, పాస్‌పోర్టు వివరాలిచ్చి, వీసా కార్డు లేదా మాస్టర్‌కార్డు జోడించాలి. ఓటీపీ మన నంబరుకే వస్తుంది, రోమింగ్ తీసేయకండి. విదేశీ కార్డుతో ఒకేసారి 200 యువాన్లు దాటితే 3 శాతం రుసుము పడుతుంది. చైన్ హోటళ్లలో చాలాచోట్ల బల్ల మీది క్యూఆర్ కోడే మెనూ. ఛార్జింగ్ అయిపోతే ఆకలే! చిల్లర నోట్లు కొన్ని ఉంచుకోండి.

తూకం సరుకుల దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. జిన్ అంటే 500 గ్రాములు, కిలో కాదు. లియాంగ్ అంటే 50 గ్రాములు. పెద్దక్షరాల ధర పక్కన జిన్ ఉందో లియాంగ్ ఉందో చూశాకే సంచిలో వేయించుకోండి. షెంగ్‌జియాన్ (పందిమాంసం కూరి పెనం మీద కాల్చే బన్ను) మాత్రం లియాంగ్‌కు నాలుగు లెక్కన ఇస్తారు.

ఈ షెంగ్‌జియాన్‌ని బజ్జీలా ఒక్కసారిగా కొరకొద్దు. పంది చర్మపు జెల్లీ వేడికి కరిగి లోపల మరిగే పులుసవుతుంది. నోరు కాలుతుంది, ఎదుటివాళ్ల చొక్కా కూడా పాడవుతుంది. అంచున చిన్న కన్నం పెట్టి, ఊది, పులుసు జుర్రుకుని, ఆపైన వెనిగర్‌లో ముంచి తినాలి.

శాకాహారులైతే ‘వో చీ సూ’ (నేను శాకాహారం తింటాను) అని చైనీస్ లిపిలో ఫోన్‌లో రాసి ఉంచుకోండి. మాంసం వద్దంటే చాలదు. తీపి పిండివంటల్లోనూ పందికొవ్వు పడుతుంది, మాపో టోఫూ అనే కారపు టోఫూ కూరలో ఖీమా ఉంటుంది. మూన్‌కేక్ అంటే పండగ మిఠాయే కదా అని కొంటే ఇక్కడ వేడివేడిగా అమ్మేది పందిమాంసం కూరినదే.

టిష్యూలు మీవే తీసుకెళ్లండి.