ఫారం-7తో మీ ఓటు తీసేయమని ఎవరైనా అర్జీ పెడితే ఏం చేయాలి?

ఓటరు కార్డు ఉంటే ఓటు ఉన్నట్టే అనుకుంటాం. జాబితాలో పేరు లేకపోతే ఆ కార్డు బూత్‌లో చెల్లదు. 2018 డిసెంబరు 7న తెలంగాణలో చాలామంది కార్డు పట్టుకుని వెళ్లి ఓటేయకుండానే వెనక్కొచ్చారు. అప్పటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో లక్షల్లో ఫారం-7లు వచ్చిపడ్డాయి. తమ పేరుతో అర్జీ పడిందని కొందరు అర్జీదారులకే తెలియదు! పోలీసు కేసులూ నమోదయ్యాయి.

ఫారం-7 ఎవరుపడితే వాళ్లు పెట్టేది కాదు. అదే నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. చనిపోయారు, ఊరు మారారు, రెండుచోట్ల ఓటుంది లాంటి కారణం చూపాలి. దాన్ని రుజువు చేయాల్సిందీ వాళ్లే. అబద్ధం రాస్తే 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 31 కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

ఎక్కువ ఓట్లు పోయేది 'ఊరు మారారు' అన్న మాట దగ్గరే. పనికోసం బెంగళూరు వెళ్లిన కుటుంబం ఇంటికి తాళం ఉంటుంది, బీఎల్వో (బూత్ స్థాయి అధికారి) వచ్చి 'లేరు' అని రాసుకుపోతాడు. కానీ తాత్కాలికంగా బయటికెళ్లినంత మాత్రాన సొంతూరి నివాసం పోదని అదే చట్టం సెక్షన్ 20 చెబుతోంది. ఫారం-7 మీద మీకు వచ్చే నోటీసుకు జవాబు రాసేటప్పుడు ఈ సెక్షన్ పేరెత్తండి.

నోటీసు వస్తే పక్కన పడేయకండి. అందులో ఉన్న తేదీకి ఓటర్ల నమోదు అధికారి దగ్గర విచారణకు వెళ్లండి. ఆధార్, కరెంటు బిల్లు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు తీసుకెళ్లండి. తెల్లకాగితం మీద "నేను ఈ చిరునామాలోనే ఉంటున్నాను, నా పేరు తీసేయమని వచ్చిన ఫారం-7ను తిరస్కరించగలరు" అని రాసి, ఓటరు కార్డు నంబరు వేసి ఇవ్వండి. రెండో కాపీ మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకోవడం మాత్రం మర్చిపోవద్దు. 'మీ కాగితం మాకు అందలేదు' అంటే చూపించడానికి అదే ఆధారం. అర్జీ పెట్టింది ఎవరో, కారణంగా ఏం రాశారో కూడా అడగండి. మీ పేరుతోనే వేరొకరి మీద ఫారం-7 పడిందని తెలిస్తే ఆ అధికారికీ, పోలీస్ స్టేషన్లోనూ ఫిర్యాదు ఇవ్వండి.

నోటీసు ఇవ్వకుండా, మాట వినకుండా పేరు తీసేయడం కుదరదు. తీసేస్తే 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా పని కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి.

ఎన్నికలు ముంచుకొస్తుంటే అప్పీలు తేలేదాకా కూర్చోవద్దు, ఫారం-6తో మళ్లీ నమోదుకు పెట్టుకోండి. దాని మీద అభ్యంతరాలకు వారం గడువుంటుంది. నామినేషన్ల చివరి తేదీ దాటాక ఆ ఎన్నిక అయ్యేదాకా జాబితాలో పేరు చేర్చరు, తీయరు. కాబట్టి షెడ్యూల్ రాకముందే ఎన్నికల సంఘం యాప్‌లోనో, 1950కి ఫోన్ చేసో ఇంట్లో అందరి పేర్లూ చూసుకోండి.