బెంగళూరులో మొదటి బైక్: ఎయిర్ కూల్డా, లిక్విడ్ కూల్డా ఎలా తేల్చుకోవాలి?

ఉద్యోగానికని బెంగళూరు వచ్చి పీజీలో దిగిన మనవాళ్ళు నాలుగు జీతాలు చేతిలో పడగానే అడిగేది ఒకటే, ఏ బండి తీసుకోవాలి అని. ఈ మధ్య దానికి ఇంకో ప్రశ్న తోడైంది. ఎయిర్ కూల్డ్ బండి సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో వేడెక్కి ఆగిపోదా, లిక్విడ్ కూల్డే మంచిదంటున్నారు కదా అని. నా మాట ముందే చెప్పేస్తాను. గేర్ బండి కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు, రోజూ ఆఫీసుకి వెళ్ళి రావడమే ప్రధానమైతే, 125 నుంచి 160 సీసీ మధ్యలో ఎయిర్ కూల్డ్ గానీ ఆయిల్ కూల్డ్ గానీ తీసుకోండి. లిక్విడ్ కూల్డ్ చెడ్డదని కాదు. దాంతోపాటు వచ్చే పవర్, దాని మీద పెట్టాల్సిన శ్రద్ధ, ఈ రెండూ మొదటి ఏడాదిలో మీకు అదనపు బరువే.

ముందు తేడా ఏంటో చూద్దాం. పెట్రోలు మండినప్పుడు వచ్చే శక్తిలో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది, చక్రానికి చేరేది కొంతే. ఆ వేడిని ఇంజిన్ నుంచి బయటికి ఎలా పంపుతారన్నదే కూలింగ్. ఎయిర్ కూల్డ్ బండికి సిలిండర్ చుట్టూ రెక్కలుంటాయి, బండి ముందుకెళ్తుంటే వాటికి గాలి తగిలి చల్లబడుతుంది. ఆయిల్ కూల్డ్‌లో రెక్కలతో పాటు ఇంజిన్ ఆయిల్‌ని ఒక చిన్న కూలర్ గుండా తిప్పి వెనక్కి పంపుతారు, పక్కనే హోసూరులో టీవీఎస్ వాళ్ళు చేసే అపాచీ ఆర్‌టీఆర్ 160 4వీ ఈ రకమే. లిక్విడ్ కూల్డ్‌లో సిలిండర్ చుట్టూ కూలెంట్ (వేడిని మోసుకెళ్ళే ద్రవం) తిరగడానికి దారులు, దాన్ని తోసే పంపు, దారి తెరిచి మూసే థర్మోస్టాట్, ముందు చక్రం వెనకాల రేడియేటర్, దానికో కరెంటు ఫ్యాన్ ఉంటాయి. రెక్కలు కనిపించాయి కదా ఎయిర్ కూల్డే అనుకోకండి, 2018లో మళ్ళీ వచ్చిన జావా 293 సీసీ ఇంజిన్ లిక్విడ్ కూల్డే, రెక్కలు పాత రూపం కోసం ఉంచారు. రేడియేటర్, దానికి లావుపాటి రబ్బరు గొట్టాలు ఉన్నాయేమో చూడండి, అదే గుర్తు. స్కూటర్ల సంగతి వేరు, యాక్టివా లాంటివాటిలో ఇంజిన్‌తో పాటే తిరిగే ఫ్యాన్ ఒకటి సిలిండర్ మీదికి గాలి తోస్తూనే ఉంటుంది, కాబట్టి ఆగి ఉన్నా దానికి గాలి అందుతుంది.

ఇక ట్రాఫిక్ భయం. మారతహళ్ళి వంతెన కింద పది నిమిషాలు కదలకుండా నిలబడితే ఎయిర్ కూల్డ్ ఇంజిన్‌కి గాలి తగలదు, నిజమే. కానీ ఐడ్లింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, పుట్టే వేడి కూడా తక్కువే. 100 సీసీ, 125 సీసీ ఇంజిన్లయితే మరీ తక్కువ. మీ వీధిలో ఫుడ్ డెలివరీ కుర్రాళ్ళ బండ్లు చూడండి, ఎక్కువ భాగం స్ప్లెండర్లూ షైన్లూ స్కూటర్లే, పొద్దున్నుంచి రాత్రి దాకా ఇదే ట్రాఫిక్‌లో తిరుగుతుంటాయి. పైగా బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉన్న ఊరు, ఏప్రిల్‌లో కొన్ని రోజులు తప్ప ఇక్కడి ఎండ మన కర్నూలు, కడప ఎండల ముందు ఎండే కాదు. అసలు ట్రాఫిక్‌లో బండి వేడెక్కడానికి చాలాసార్లు కారణం కొత్తవాళ్ళు హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ సగం వదిలి, రేజ్ చేస్తూ నిలబడటం. సిగ్నల్‌లో న్యూట్రల్ వేయండి, పెద్ద సిగ్నలైతే ఇంజిన్ ఆపేయండి.

లిక్విడ్ కూల్డ్ ఎందుకు పెడతారంటే, ఇంజిన్ వేడి ఒక స్థాయిలో నిలకడగా ఉంటే అదే సీసీ నుంచి ఎక్కువ పవర్ లాగొచ్చు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350లో 349 సీసీ ఎయిర్, ఆయిల్ కూల్డ్ ఇంజిన్ 20 బీహెచ్‌పీ (పవర్ కొలత) ఇస్తుంది. కేటీఎం 200 డ్యూక్‌లో 199.5 సీసీ లిక్విడ్ కూల్డ్ ఇంజిన్ దాదాపు 25 ఇస్తుంది. వినడానికి డ్యూకే గెలిచినట్టుంటుంది కానీ కొత్తవాళ్ళు గమనించాల్సింది ఆ బలం ఎక్కడ దొరుకుతుందన్నది. హంటర్ టార్క్, అంటే బండిని లాగే బలం, 27 న్యూటన్ మీటర్లు 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరే అందుతుంది, డ్యూక్‌కి దాదాపు 19, అదీ 8,000 దాకా తిప్పితే. అంటే కిందిస్థాయిలో మెల్లగా క్లచ్ వదిలితే హంటర్ నింపాదిగా కదులుతుంది, డ్యూక్‌కి కాస్త రేజ్ ఇవ్వాలి, ఎక్కువిస్తే ఒక్కసారిగా దూకుతుంది. గుంతల మధ్య, ముందు ఆటో ఎప్పుడు ఆగుతుందో తెలియని చోట ఆ దూకుడుతో చేయి కుదరడానికి టైమ్ పడుతుంది. అలాగని అందరికీ 350 పెట్టమనడం లేదు, హంటర్ బరువు 181 కిలోలు, పార్కింగ్‌లో వెనక్కి లాగి చూస్తే గానీ అది ఎంత బరువో తెలియదు.

మరి లిక్విడ్ కూల్డ్ ఎవరికి? ప్రతి రెండో వారం ఊరికి బండి మీదే వెళ్ళేవాళ్ళకి. దేవనహళ్ళి దాటి, బాగేపల్లి, కొడికొండ చెక్‌పోస్ట్, పెనుకొండ మీదుగా అనంతపురం 200 కిలోమీటర్ల పైనే. మే నెలలో మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో, వెనక మనిషి, బ్యాగు, గంటల తరబడి గంటకి 90 వేగం అంటే చిన్న ఎయిర్ కూల్డ్ ఇంజిన్‌ని దాని చివరిదాకా పిండినట్టే. అక్కడ లిక్విడ్ కూల్డ్ పనితనం కనిపిస్తుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళ హిమాలయన్ 411 సీసీ ఎయిర్, ఆయిల్ కూల్డ్ నుంచి 2023లో 452 సీసీ లిక్విడ్ కూల్డ్‌కి మారగానే పవర్ 24 నుంచి 40 బీహెచ్‌పీకి వెళ్ళింది, రాయల్ ఎన్‌ఫీల్డ్‌కి అదే మొదటి లిక్విడ్ కూల్డ్ ఇంజిన్. కానీ 196 కిలోల ఆ బండి మొదటి బండిగా వద్దు. హైవే తప్పనిసరైతే యమహా ఎంటీ15 లాంటి 155 సీసీ లిక్విడ్ కూల్డ్‌తో మొదలుపెట్టండి, తేలికగా ఉంటుంది, ఫర్వాలేదు. ఏది తీసుకున్నా 125 సీసీ దాటిన కొత్త బండికి 2019 నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేకేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) తప్పనిసరి, కూలింగ్ కంటే మీ ప్రాణానికి అదే ముఖ్యం.

టెస్ట్ రైడ్‌కి ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద వెళ్ళకండి. వారం మధ్యలో సాయంత్రం ఆరున్నరకి, మీరు ఆఫీసుకి వేసుకునే ప్యాంటుతోనే వెళ్ళి, కనీసం రెండు పెద్ద సిగ్నళ్ళు తగిలేలా తిప్పించమనండి. లిక్విడ్ కూల్డ్ బండిలో ఫ్యాన్ ఆన్ కాగానే రేడియేటర్ వేడిగాలి కాళ్ళ మీదికి కొడుతుంది, కొన్నింట్లో భరించగలం, కొన్నింట్లో కష్టం, అది మీ ఎత్తుని బట్టి కూడా మారుతుంది. ఎయిర్ కూల్డ్‌లో తొడల లోపలివైపు, కుడి పాదం దగ్గర ఎంత సెగ తగులుతోందో చూడండి. వేడెక్కాక న్యూట్రల్ సులువుగా పడుతోందా లేదా కూడా.

లిక్విడ్ కూల్డే తీసుకున్నారనుకోండి, కొన్ని అలవాట్లు చేసుకోవాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ ట్యాంకులో మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో నెలకోసారి చూడండి. బోరు నీళ్ళు పొరపాటున కూడా పోయొద్దు, ఆ ఉప్పు లోపల పేరుకుని దారులు మూసుకుపోతాయి. బండి మాన్యువల్‌లో చెప్పిన కూలెంటే పోయించండి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పారంటే ఒత్తిడితో ఉన్న కూలెంట్ మొహం మీదికి చిమ్ముతుంది, ఈ ఒక్కటి మాత్రం ఎప్పుడూ చేయకండి. వాటర్ వాష్‌లో ప్రెషర్ గన్ రేడియేటర్‌కి దగ్గరగా పెట్టనివ్వకండి, ఆ పల్చటి రేకులు వంగిపోతే గాలి ఆడదు. కొత్తలో బండి పక్కకి పడేయడం మామూలే, పడిన తర్వాత కింద పచ్చగానో నీలంగానో చుక్కలు కారుతున్నాయేమో చూడకుండా స్టార్ట్ చేయొద్దు. జేసీ రోడ్డులో రేడియేటర్ గార్డులు దొరుకుతాయి, వేయించుకోండి. టెంపరేచర్ లైటు వెలిగితే ఆఫీసు ఇంకో కిలోమీటరేగా అనుకోకుండా పక్కకి ఆపండి. ఎయిర్ కూల్డ్‌కి ఇవేవీ లేవు, రెక్కల మధ్య బురద కడగాలి, ఇంజిన్ ఆయిల్ తగ్గకుండా చూసుకోవాలి, దాన్ని చల్లబరిచేదాంట్లో ఆయిల్ వాటా కూడా పెద్దదే కాబట్టి సర్వీస్ వాయిదా వేయకూడదు.

సెకండ్ హ్యాండ్ అయితే ఇంకాస్త జాగ్రత్త. మీరు వెళ్ళేసరికి బండి స్టార్ట్ చేయకుండా ఉంచమని ముందే ఫోన్‌లో చెప్పండి. లిక్విడ్ కూల్డ్ అయితే చల్లగా ఉండగా కూలెంట్ రంగు చూడండి, తుప్పు రంగులో ఉంటే ఏళ్ళుగా మార్చలేదని అర్థం. ఆయిల్ మూత లోపల పాల మీగడలా ఉంటే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందేమోనని అనుమానించాలి, ఆ బండి వదిలేయండి. తర్వాత స్టార్ట్ చేసి నిలబెట్టి, ఫ్యాన్ తిరిగేదాకా ఓపికపట్టండి. టెంపరేచర్ పైపైకి పోతున్నా ఫ్యాన్ కదలకపోతే రిపేరు ఖర్చు మీ నెత్తిన పడుతుంది. ఎయిర్ కూల్డ్‌లో విరిగిన రెక్కలు, సిలిండర్ హెడ్ అతుకు దగ్గర ఆయిల్ తడి, రేజ్ ఇస్తే నీలం పొగ, ఈ మూడూ చూడండి. అమ్మేవాళ్ళు ఇంకొకరు వస్తున్నారని తొందరపెడితే, మెకానిక్‌కి చూపించాకే బేరం అని చెప్పండి.