పారిస్‌లో దిగి రోమ్‌లో ఎక్కుతున్నారా? ఓపెన్ జా (ఒక ఊళ్లో దిగి, వేరే ఊరి నుంచి తిరిగి వచ్చే) టికెట్ సమస్యలు, పరిష్కారాలు

సమస్య: రౌండ్ ట్రిప్ కన్నా రేటు బాగా ఎక్కువ చూపిస్తోంది.

హైదరాబాద్–పారిస్ ఒక వన్ వే, రోమ్–హైదరాబాద్ ఇంకో వన్ వే అని విడివిడిగా వెతికి ఉంటారు. చాలా పెద్ద ఎయిర్‌లైన్స్‌లో వన్ వే రేటు రౌండ్ ట్రిప్‌లో సగం కన్నా ఎక్కువే ఉంటుంది. 'మల్టీ సిటీ' నొక్కి, రెండూ ఒకే బుకింగ్‌లో వేయండి. దయచేసి ముందు ఇది చూడండి. నన్ను అడిగేవాళ్లలో సగం మంది ఆ బటన్ ముట్టుకోకుండానే టెన్షన్ పడుతుంటారు.

సమస్య: టికెట్ ఉంది, షెంగెన్ వీసా (ఫ్రాన్స్, ఇటలీ లాంటి చాలా యూరప్ దేశాలకు కలిపి ఒకే వీసా) ఉంది, అయినా తిరుగు విమానం ఎక్కనివ్వలేదు.

దీని దగ్గర కాస్త ఆగండి. మామూలు టికెట్‌లో ఎక్కువగా వెళ్లిన దారినే వస్తాం. ఓపెన్ జాలో పోయేది దోహా మీదుగా, వచ్చేది లండన్ మీదుగా పడవచ్చు. అందరం పోయే దారి చూసుకుంటాం, వచ్చే దారి రేటు మాత్రమే చూస్తాం. భారతీయ పాస్‌పోర్టుతో లండన్‌లో విమానం మారాలంటే, ఎయిర్‌పోర్టు బయటకు అడుగు పెట్టకపోయినా, ట్రాన్సిట్ వీసా కావాలి. టూరిస్టు షెంగెన్ వీసా దానికి పనికిరాదు.

నాకు ఈ దెబ్బ రోమ్ ఫియుమిచినో ఎయిర్‌పోర్టులో తగిలింది. కౌంటర్‌లో ఆవిడ నా పాస్‌పోర్టు పేజీలన్నీ తిప్పింది, మళ్లీ మొదటి నుంచి తిప్పింది. "యూకే వీసా?" అంది. మా ఆవిడ పాస్‌పోర్టులో అమెరికా వీసా ఉంది కాబట్టి తను ఎక్కవచ్చట. నన్ను మాత్రం ఆపేశారు. బెల్టు మీద పెట్టిన సూట్‌కేసులు రెండూ దించుకుని, పక్కన బెంచీ మీద కూర్చుని, ఇద్దరికీ దోహా మీదుగా కొత్త టికెట్లు కొన్నాం.

డబ్బు కట్టే ముందు తిరుగు ప్రయాణంలో '1 స్టాప్' అన్నచోట నొక్కి ఏ ఊరో చూడండి. లండన్ అయితే, చెల్లుబాటయ్యే అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వీసాల్లో ఒకటి ఉంటే మినహాయింపు ఉంది. లేదంటే ముందే ట్రాన్సిట్ వీసా తీసుకోండి, లేదా దోహా, దుబాయ్ దారి పట్టండి. ఒకే టికెట్ మీద లోపలే మారితే అక్కడ వీసా అడగరు. కుటుంబంతో వెళ్తుంటే ప్రతి పాస్‌పోర్టూ విడిగా చూడాలి.

సమస్య: షెంగెన్ వీసాకు ఫ్రాన్స్‌కు అప్లై చేయాలా, ఇటలీకా?

ఎక్కువ రోజులు ఉండే దేశానికి. రెండు చోట్లా నాలుగేసి రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి, అంటే ఫ్రాన్స్‌కు.

పారిస్ నుంచి రోమ్‌కు చౌక టికెట్ కొన్నవాళ్లు, విమానం బోవే ఎయిర్‌పోర్టు నుంచి అయితే, అది పారిస్ ఊరికి 80 కిలోమీటర్ల పైనే ఉందని గమనించండి. ఇక హైదరాబాద్‌లో మొదటి విమానం ఎక్కకుండా వదిలేస్తే రోమ్ నుంచి తిరుగు టికెట్ కూడా సాధారణంగా రద్దయిపోతుంది.