డీజిల్ పొగలోని మసిని కరెంటుతో పట్టడం – 4వ పాఠం: పట్టిన మసి మళ్లీ ఎగరకుండా

మూడో పాఠం దాకా చేసినవాళ్ల దగ్గర ఇప్పుడు 100 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, మీటరు పొడవు ఉన్న ఇనుప గొట్టం ఒకటి ఉంది. దాని నడిమధ్య 0.5 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ, తీగ కింద కిలో బరువు వేలాడుతున్నాయి. తీగకు హైవోల్టేజీ ఇచ్చి చీకట్లో చూస్తే తీగ చుట్టూ సన్నటి ఊదారంగు వెలుగు కనిపించి ఉంటుంది. కరోనా అంటే ఆ వెలుగే. అక్కడ పుట్టే అయాన్లు తగిలి మసికి రుణావేశం (రుణ విద్యుదావేశం) ఎక్కుతుంది, దాంతో అది ఎర్తు చేసిన గొట్టం గోడ వైపు జరుగుతుంది. ఈ ఒక్క గొట్టం బల్ల మీద అగరబత్తి పొగను ఇట్టే మాయం చేస్తుంది. మిర్యాలగూడ రైసుమిల్లులో కరెంటు పోయినప్పుడు నడిచే జనరేటరుకు దీన్నే తగిలిస్తే మాత్రం పొగ తగ్గినట్టే కనిపించదు. గొట్టం చాలకపోవడం ఒక కారణం, దాన్ని లెక్కతో సరిచేయవచ్చు. రెండోది మసి గుణం. ఈ పాఠంలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు లెక్క

2 లీటర్ల ఫోర్‌స్ట్రోక్ ఇంజను 1500 ఆర్.పి.ఎం. దగ్గర తిరుగుతోందనుకుందాం. రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది కాబట్టి నిమిషానికి 1500 లీటర్లు. సిలిండరు పూర్తిగా నిండదు, 85 శాతం వేసుకుంటే 1275 లీటర్లు. ఆ గాలి 150 డిగ్రీల పొగగా బయటికొచ్చేసరికి వేడికి ఉబ్బి సుమారు 1800 లీటర్లవుతుంది. అంటే సెకనుకు 0.03 ఘనమీటర్లు.

మసి రేణువు తీగ వైపు నుంచి గోడ వైపు ఎంత వేగంగా జరుగుతుందో దాన్ని జరుగుడు వేగం అందాం. డీజిల్ మసికి సెకనుకు 5 సెంటీమీటర్లు వేసుకోండి. గోడ విస్తీర్ణాన్ని ఈ వేగంతో గుణించి, పొగ ప్రవాహంతో భాగించండి. వచ్చిన అంకె 1 అయితే 63 శాతం మసి గోడకు చేరుతుంది, 2 అయితే 86, 3 అయితే 95. ఈ సంబంధాన్ని 1922లో డాయిచ్ అనే శాస్త్రవేత్త సూత్రంగా రాశాడు.

మీ ఒక్క గొట్టం గోడ 0.314 చదరపు మీటర్లు. అంకె 0.52 వస్తుంది, అంటే 41 శాతమే. అలాంటివి ఐదు పక్కపక్కన పెడితే అంకె 2.6, పట్టు 93 శాతం. పొగ వేగం కూడా సెకనుకు 3.8 మీటర్ల నుంచి 0.76కి దిగుతుంది. ఒకే గొట్టాన్ని ఐదు మీటర్లు పొడిగించినా గోడ అంతే వస్తుంది కదా అనిపించవచ్చు. అలా చేయకండి. 3.8 మీటర్ల వేగంలో గోడకు అంటిన మసిని పొగే ఊడ్చుకుపోతుంది.

మసి ఎందుకు నిలవదు

వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లోనూ, వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రంలోనూ ఈఎస్పీలు, అంటే దుమ్మును ఇలాగే కరెంటుతో పట్టే పెద్ద యంత్రాలు, ఉన్నాయి. వాటిని చూసి నేర్చుకున్న సూత్రాలు మసికి నేరుగా పనికిరావు. సిమెంటు దుమ్ము, బొగ్గు బూడిద కరెంటును సులువుగా పోనివ్వవు. గోడకు చేరాక కూడా వాటి ఆవేశం నెమ్మదిగా కారుతుంది కాబట్టి అతుక్కునే ఉంటాయి. వాటితో వచ్చే బాధ వేరు: నిరోధకత పదివేల కోట్ల ఓమ్-సెంటీమీటర్లు దాటితే పొరలోనే ఆవేశం పేరుకుని, అక్కడి నుంచే వెనక్కి కరోనా పుడుతుంది.

మసి దీనికి పూర్తిగా తలకిందులు. అది కర్బనం, కరెంటు పారుతుంది, నిరోధకత పదివేల ఓమ్-సెంటీమీటర్ల కంటే తక్కువ. రుణావేశంతో వచ్చి ఎర్తు చేసిన గోడను తాకగానే రేణువు తన ఆవేశాన్ని వదిలేస్తుంది. అక్కడితో ఆగదు. గోడ ఆవేశాన్నే తాను తెచ్చుకుంటుంది. ఇప్పుడు గోడే దాన్ని తోస్తుంది, రేణువు మళ్లీ పొగలోకి దూకుతుంది. తీగ దగ్గరి అయాన్లు తగిలి మళ్లీ రుణావేశం ఎక్కుతుంది, మళ్లీ గోడకు వస్తుంది. చాటలో వడ్లు చెరిగినప్పుడు పొట్టు లేచి పడి లేచి పడినట్టు ఇది గొట్టం పొడవునా సాగుతుంది. పైన వచ్చిన 93 శాతం గోడకు చేరే మసి లెక్క. గోడ మీద నిలిచేది అంతకంటే చాలా తక్కువ.

అయితే ఈ గెంతులాటలోనే మనకు పనికొచ్చేది ఒకటుంది. ఇంజను నుంచి వచ్చే మసి రేణువు మిల్లీమీటరులో పదివేల వంతు ఉంటుంది, ఏ సైక్లోనుకూ (పొగను గిరగిరా తిప్పి రేణువులను అడుగుకు దించే డబ్బాకు) చిక్కదు. గోడ మీద పక్క రేణువులతో కలిసి పెళ్లలు కట్టి ఎగిరేది దానికి ఎన్నో రెట్లు పెద్దది. కాబట్టి ఐదు గొట్టాల తర్వాత ఒక చిన్న సైక్లోను పెట్టండి. గొట్టాలు మసిని పెళ్లలుగా కడతాయి, సైక్లోను ఆ పెళ్లలను దించుతుంది.

సైక్లోను కొలత: లోపలికి వెళ్లే పొగ వేగం సెకనుకు 15 మీటర్లు ఉండాలి, అంటే ప్రవేశ ద్వారం 0.002 చదరపు మీటర్లు. ద్వారం ఎత్తు వ్యాసంలో సగం, వెడల్పు వ్యాసంలో ఐదో వంతు పెడితే సైక్లోను వ్యాసం 140 మిల్లీమీటర్లు వస్తుంది. దీని వల్ల సుమారు 60 మిల్లీమీటర్ల నీటిమట్టమంత వెనక ఒత్తిడి పడుతుంది. మీ ఇంజను మాన్యువల్‌లో ఎంత వరకు ఒప్పుకుంటుందో చూసుకునే బిగించండి. అడుగు మూత గట్టిగా లేకపోతే బయటి గాలికి, లోపలి పొగకు దారి ఏర్పడి పడిన మసి మళ్లీ లేస్తుంది.

ఇన్సులేటరు దగ్గరే ఓడిపోతారు

మొదటిసారి చేసినవాళ్లకు ఎక్కువగా ఇక్కడే పాడవుతుంది. తీగను పట్టి ఉంచే ఇన్సులేటరు మీద మసి పడితే అదే ఒక తీగలా పనిచేస్తుంది. 13 కిలోవోల్టుల దగ్గర ఐదు తీగలకు కలిపి కరోనా కరెంటు 1 నుంచి 2 మిల్లీయాంపులు. మసి పొర నిరోధం 10 మెగాఓములకు పడితే దాని మీదుగానే 1.3 మిల్లీయాంపులు పోతుంది. సరఫరా అంతా ఇన్సులేటరుకే సరిపోతుంది.

పొలాల్లో 11 కె.వి. స్తంభాల మీద కనిపించే పింగాణీ పిన్ ఇన్సులేటరు కొత్తది కొనండి. పి.వి.సి., చెక్క ఈ వేడికి నిలవవు. ఇన్సులేటరును పొగ దారిలో కాకుండా పక్కన చిన్న గదిలో పెట్టి, ఆ గదిలోకి బ్లోయరుతో శుభ్రమైన గాలి వదలండి. పొగలో 5 శాతం, అంటే నిమిషానికి 90 లీటర్లు చాలు. సైక్లోను వల్ల లోపల 60 మిల్లీమీటర్ల ఒత్తిడి ఉంది కాబట్టి బ్లోయరు కనీసం 100 మిల్లీమీటర్లు ఇవ్వాలి. కంప్యూటరు ఫ్యాను అంత ఇవ్వలేదు. దాన్ని పెడితే పొగే ఎదురు తిరిగి గదిలోకి వస్తుంది. ఇంజనుకు ముందే బ్లోయరు మొదలవ్వాలి, ఇంజను ఆగాక ఐదు నిమిషాలు నడవాలి.

మీటరు చెప్పేది

శుభ్రంగా ఉన్నప్పుడు, ఇంజను ఆపి, ఒక్కో కిలోవోల్టు పెంచుతూ కరెంటు ఎంతో నోటుబుక్కులో రాసుకోండి. ఇది లేకుండా తర్వాత ఏ లోపమూ తేలదు. వోల్టేజీ పడిపోయి, కరెంటు పెరిగి, చిటపట శబ్దం లేకపోతే ఇన్సులేటరు మురికి. సరఫరా ఆపి, తీగను ఎర్తు చేశాక మెగ్గరుతో (ఇన్సులేటరు నిరోధం కొలిచే మీటరు) చూడండి. 100 మెగాఓములు పైన ఉంటే మంచిదే, 10కి దగ్గరైతే తుడవాల్సిందే. వోల్టేజీ సరిగ్గా ఉండి కరెంటు తగ్గితే తీగకు మసి పట్టి లావైంది. 150 డిగ్రీల దగ్గర 0.5 మిల్లీమీటర్ల తీగ సుమారు 9 కిలోవోల్టులకే వెలుగుతుంది. అదే 1 మిల్లీమీటరైతే లెక్క ప్రకారం 12 దాటాలి, మీ 13లో మిగిలేది దాదాపు ఏమీ లేదు. ఒకేచోట మళ్లీ మళ్లీ నిప్పురవ్వ పడుతుంటే తీగ పక్కకు జరిగింది. 2 మిల్లీమీటర్లకు మించి జరగనివ్వకండి.

జనరేటరు స్టార్టు చేసిన మొదటి ఐదు నిమిషాలు హైవోల్టేజీ ఇవ్వకండి. కాలని డీజిల్ తుంపర మసిలో కలిసి జిడ్డు పొర కడుతుంది. దానికి నిప్పురవ్వ తగిలితే గొట్టంలోనే అంటుకుంటుంది. తలుపు తెరిస్తే సరఫరా ఆగే స్విచ్ తప్పనిసరి. ఆగిన తర్వాత కూడా ఎర్తు కర్రతో తీగను తాకించనిదే చేయి పెట్టొద్దు. ఈ పని ఎప్పుడూ ఇద్దరుండి చేయండి.

ఈ పరికరం వాయువులను పట్టదు. కార్బన్ మోనాక్సైడు, నైట్రోజన్ ఆక్సైడులు అలాగే పోతాయి, కరోనా వల్ల కొంత ఓజోను కూడా కలుస్తుంది. పొగ కళ్లకు తేటగా కనిపించిందని గొట్టాన్ని షెడ్డులోకి తిప్పితే ప్రాణం మీదికి వస్తుంది. డీజిల్ పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు విభాగం 2012లోనే తేల్చింది. సైక్లోనులో పడిన మసి కూడా అదే పొగలోది. మాస్కు, చేతి తొడుగులు వేసుకుని మూత ఉన్న డబ్బాలోకి తీయండి. చెరువు గట్టునో పొలంలోనో పారబోయకండి.

అభ్యాసం: 4 లీటర్ల ఇంజను, అదే 1500 ఆర్.పి.ఎం., పొగ 150 డిగ్రీలు. 90 శాతానికి తగ్గకుండా మసి గోడకు చేరాలంటే ఎన్ని గొట్టాలు కావాలి? సైక్లోను వ్యాసం ఎంత? ఐదో పాఠంలో గోడ మీద నీటి పొర పారించి మసిని అక్కడే కట్టేయడం చూద్దాం. మన బోరు నీళ్లలోని సున్నం ఆ పొరను ఎలా చీలుస్తుందో కూడా అందులోనే వస్తుంది. అప్పటికల్లా మీ బోరు నీటి కాఠిన్యం ఎంతో పరీక్ష చేయించి ఉంచుకోండి.