ఉగాది నుంచి మృగశిర దాకా: పాత ట్రాక్టరుతో చిన్న కమతం పనులు

నల్లగొండ వైపు యాసంగి కోతలు ముగిసిన నాటి నుంచి మృగశిర కార్తె ప్రవేశించే దాకా చిన్న రైతు చేతిలో సుమారు రెండు నెలలు ఉంటాయి. వేసవి దుక్కి, దిబ్బ ఎరువు తోలకం, గుంటక తోలి చదును చేయడం, పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ చల్లడం వంటి పనులన్నీ ఆ వ్యవధిలోనే తెమలాలి. అయిదారెకరాల కమతానికి ఇందుకోసం అప్పు చేసి కొత్త బండి కొనవలసిన అవసరం లేదు. ముప్పై, నలభై ఏళ్ల నాటి మాసీ ఫెర్గూసన్ 1035, ఇంటర్నేషనల్ బి-275, స్వరాజ్ 724 వంటివి బాగున్న స్థితిలో దొరికితే సరిపోతాయి. హెచ్ఎంటీ కూడా గట్టి బండే గాని, ఆ సంస్థ ట్రాక్టర్ల తయారీని ఆపివేయాలని 2016లో నిర్ణయం జరిగింది కాబట్టి విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో ముందుగా విచారించుకొని కొనాలి. మా ఇంట్లో ఉన్నది మాసీ 1035 కనుక ఇక్కడి వివరాలు ఎక్కువగా దానికే చెందుతాయి.

నెలల తరబడి కొట్టంలో నిలిచిన బండిని బయటికి తీసిన రోజే పొలంలోకి దించకూడదు. మొదట ఇంజిన్ ఆయిలు, తరువాత గేరుపెట్టె ఆయిలు చూడాలి. ఈ బండ్లలో గేర్లకూ హైడ్రాలిక్ లిఫ్టుకూ ఒకే ఆయిలు తిరుగుతుంది కాబట్టి, గేరు రాడ్డు దగ్గర రబ్బరు చిరిగి వాననీరు దిగితే లిఫ్టు కూడా దెబ్బతింటుంది. ఆయిలు పాలు కలిపినట్టు తెల్లబడి కనిపిస్తే లిఫ్టు పనిచేస్తున్నా సరే మొత్తం దించి మార్చవలసిందే. రేడియేటరులో బోరు నీళ్లు పోయడం మన దగ్గర పాత అలవాటు, చెడ్డ అలవాటు కూడా. ఆ నీటిలోని ఉప్పు లోపల గారలా పేరుకొని, సరిగ్గా ఎండలు ముదిరే వేళకు ఇంజిన్ కాగడం మొదలవుతుంది. రేడియేటరు రెక్కల్లో ఇరుక్కున్న పొట్టును ముందు వైపు నుంచి కాక, ఇంజిన్ వైపు నుంచి బయటికి ఊదాలి. వేసవి దుమ్ములో ఎయిర్ క్లీనరు గిన్నెను ప్రతి సాయంత్రం విప్పి చూడాలి. అడుగున నల్లని బురద చేరితే కడిగి, గుర్తు వరకే కొత్త ఆయిలు పోయాలి. గుర్తు దాటి పోస్తే ఇంజిన్ ఆ ఆయిలును కూడా పీల్చుకుంటుంది.

సెల్ఫు గట్టిగా తిరుగుతున్నా బండి అందుకోకపోతే డీజిలు లైనులో గాలి చేరిందేమో చూడాలి. మెకానిక్కుకు ఫోను చేసే ముందు ఈ పని మనమే చేసుకోవచ్చు. డీజిలు ఫిల్టరు మీది గాలి స్క్రూను రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపు పక్కనున్న చిన్న చేతి మీటను కొడుతూ ఉంటే మొదట బుస్సుమని నురగ వస్తుంది, తరువాత బుడగలు తగ్గుతాయి, చివరికి బుడగ లేని డీజిలు ధార కడుతుంది. ధార కారుతుండగానే స్క్రూ బిగించాలి. తరువాత ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ దగ్గర కూడా ఇలాగే చేసి, ఇంజెక్టర్ల పైపు నట్లను కాస్త వదులు చేసి సెల్ఫు కొడితే అక్కడా డీజిలు చిమ్ముతుంది. అప్పుడు వాటిని బిగించాలి. ఆ ధారకు చేయి అడ్డం పెట్టకూడదు. చేతి మీట ఊరికే వదులుగా ఆడుతూ డీజిలును తోయకపోతే పంపు చెడిందని కంగారుపడనవసరం లేదు. పంపును తోసే లోపలి క్యామ్ (ఉబ్బు ఉన్న చక్రం) ఎత్తు మీద ఆగినప్పుడు అలా జరుగుతుంది. ఇంజిన్‌ను కొద్దిగా తిప్పితే మీటకు పట్టు వస్తుంది. ఈ సంగతి తెలియక మేము ఒక ఏడాది మంచి పంపును విప్పించి కొత్తది వేయించాం.

దుక్కికి తేదీ కన్నా పదును ముఖ్యం. ఒక వేసవి జల్లు పడ్డాక జానెడు లోతు మట్టి తీసి పిడికిట పట్టి చూడాలి. ఉండ కట్టి, నడుము ఎత్తు నుంచి వదిలితే పగిలి పొడి అయ్యే మట్టి దుక్కికి సిద్ధంగా ఉన్నట్టు. ఉండ పగలకుండా చదునుగా అతుక్కుంటే ఇంకా ఆగాలి. తడి ఎక్కువగా ఉన్నప్పుడు దున్నిన నల్లరేగడి రాళ్లలాంటి పెళ్లలు కడుతుంది, తరువాత ఎన్ని గుంటకలు తోలినా అవి చితకవు. ఎర్ర చల్కలు ఒకటి రెండు రోజుల్లోనే ఆరిపోతాయి కాబట్టి వాటిని ముందు ముగించుకోవాలి. వాలుకు అడ్డంగా దున్నితే తొలకరి నీరు సాళ్లలో ఇంకుతుంది. ఆరు నుంచి తొమ్మిది అంగుళాల లోతు దుక్కిలో పురుగుల కోశస్థ దశలు పైకి తేలి ఎండకూ కొంగలకూ బలవుతాయి, తుంగ గడ్డలూ గరిక వేళ్లూ ఎండుతాయి. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయని పెద్దలు అంటారు. ఆ ఎండ సోకాలంటే దుక్కి అంతకు ముందే పూర్తి కావాలి.

పాత మాసీలో మెచ్చుకోవలసింది ఇంజిన్ కన్నా దాని లిఫ్టును. హ్యారీ ఫెర్గూసన్ రూపొందించిన ఈ మూడు చేతుల అమరికలో నాగలికి గట్టి నేల తగిలినప్పుడు టాప్ లింకు (నాగలి పైభాగాన్ని బండికి కలిపే కడ్డీ) మీద ఒత్తిడి పెరిగి, లోపలి స్ప్రింగును నొక్కి, లిఫ్టు తనంతట తానే నాగలిని కొంచెం లేపుతుంది. నాగలి బరువు వెనక చక్రాల మీదికి మారడం వల్ల తేలికపాటి బండి కూడా జారకుండా లాగుతుంది. అందువల్ల రెక్కనాగలికి ఈ పనిని నడిపే డ్రాఫ్ట్ లివరును, ఎత్తు మారకుండా నడవవలసిన పరికరాలకు పొజిషన్ లివరును వాడాలి. చాలామంది డ్రాఫ్ట్ లివరును ముట్టుకోకుండా పొజిషన్ మీదే దున్ని, బండికి బలం లేదని తిడతారు. నాగలి దిగకపోతే టాప్ లింకును ఒక చుట్టు కురచ చేయాలి, మరీ లోతుకు పోతే పొడుగు చేయాలి. మొదటి సాలు పడ్డాక కుడి చక్రం సాలులో నడుస్తుంది కాబట్టి బండి కుడికి ఒరుగుతుంది. అప్పుడు లిఫ్టు కుడి వైపు చేతికున్న మరను తిప్పి నాగలిని నేలకు సమంగా నిలపాలి. ఈ సర్దుబాటును కొట్టంలో చేసి లాభం లేదు. సాలులో నిలిపి, దిగి, వెనక నుంచి చూస్తూ చేయాలి. లో రేంజిలో రెండో గేరులో, ఇంజిన్ మూలగకుండా నడిచే వేగమే దానికి తగిన వేగం.

దిబ్బ ఎరువు ఎకరాకు నాలుగు టన్నులన్నది మంచి లెక్క. దానిని దుక్కి అయ్యాక, చివరి గుంటకకు ముందు తోలి, వెంటనే వెదజల్లి మట్టిలో కలపాలి. కుప్పలుగా నెలంతా ఎండలో వదిలేస్తే అందులోని నత్రజని గాలిలో కలిసిపోతుంది. ట్రాలీని కొక్కేనికే తగిలించాలి. గొలుసునైనా మోకునైనా టాప్ లింకు బిగించే చోట ఎన్నడూ కట్టకూడదు. తుమ్మ మొద్దు ఒకదాన్ని పీకబోయి నేను ఆ పొరపాటు చేశాను. ముందు చక్రాలు మూరెడు పైకి లేచాయి, కాలు క్లచ్చు మీదే ఉండడం వల్ల నొక్కగలిగాను, లేకపోతే బండి నా మీదే తిరగబడేది. ఈ బండ్లకు తిరగబడితే కాపాడే ఇనుప చట్రం ఉండదు. మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చోబెట్టకూడదు. పీటీవో (పరికరాలను తిప్పే వెనక షాఫ్టు) తిరుగుతుండగా పంచె, తుండు, చున్నీ దాని దరిదాపులకు రాకూడదు. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ తప్పదు కాబట్టి ట్రాలీతో రోడ్డెక్కే ముందు కాగితాలు కూడా చూసుకోవాలి.

వరి మడిలో జీలుగ వేయదలచినవారు మే జల్లులకు ఎకరాకు పది, పన్నెండు కిలోల విత్తనం చల్లి, కల్టివేటరుతో పైపైన ఒకసారి తిప్పితే చాలు. సుమారు నలభై అయిదు రోజులకు పూత దశలో దానిని కలియదున్ని దమ్ము చేసే పనికి మాత్రం పాత బండిని దించవద్దని నా సలహా. బురద సీళ్లలోంచి దూరి బ్రేకు డ్రమ్ములకు చేరితే, మరమ్మతు ఖర్చు రోటవేటరు కిరాయిని మించిపోతుంది. ఆ ఒక్క రోజుకు కొత్త బండిని కిరాయికి పిలిస్తే సరి.

సాయంత్రం పని ముగిశాక ఇంజిన్‌ను వెంటనే ఆపకుండా రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా తిరగనివ్వాలి. నాగలిని నేల మీదికి దించి, ఆ తరువాతే ఆపే నాబు లాగాలి. లిఫ్టు మీద వేలాడుతున్న నాగలి కింద తెల్లవారేసరికి ఏ కోడిపిల్లో, పసిపిల్లో ఉండవచ్చు. కర్రులకూ రెక్కకూ అంటిన మట్టిని గీకి, పాత ఇంజిన్ ఆయిలు గుడ్డతో రుద్ది పెడితే మర్నాడు మొదటి సాలులోనే మట్టి జారిపోతుంది.