పొగాకు గ్రేడింగ్‌లో ఏ గుణానికి ఎన్ని మార్కులు వేయాలి?

ఒంగోలు, కందుకూరు, జంగారెడ్డిగూడెం వైపు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) పొగాకు గ్రేడింగ్ అంటే ఎక్కువగా కంటిచూపే. చెయ్యి తిరిగినవాళ్లకు అది చాలు. కానీ పొద్దున బ్రైట్ గ్రేడులో వేసిన రకం ఆకే సాయంత్రం మీడియంలో పడితే బేలు కలగాపులగమై వేలంలో రేటు పడిపోతుంది. అందుకే మార్కుల లెక్క.

1. ముందు పనికిరానిది ఏరేయండి. బూజు, ఎక్కువ పదును (తేమ), ఆకులో కలిసిన ప్లాస్టిక్ పురికొస ముక్కలు: వీటికి మార్కులు ఉండవు. రంగు ఎంత బాగున్నా బూజు ఆకు పక్కకే.

2. రెలుపుల (మొక్క అడుగు నుంచి పైకి విడతలుగా కోసిన కోతల) వారీగా విడదీయండి. అడుగాకు పలచగా, పై ఆకు మందంగా ఉండటం మొక్క స్వభావం, లోపం కాదు. అడుగాకును అడుగాకుతోనే పోల్చాలి.

3. ఒక్కో గుణానికి వాటా ఇవ్వండి. రంగుకు 35, పక్వతకు 30, మచ్చలు, చిరుగులు లేకపోవడానికి 20, సాగే గుణానికి 15. ఇవి పొగాకు బోర్డు అంకెలు కావు, మొదలుపెట్టడానికి నా లెక్క.

రంగు, పక్వత ఒకటే కదా అంటారు. కాదు. బాగా పండిన ఆకు కూడా బ్యారన్‌లో తేమ సకాలంలో బయటికి పోకపోతే గోధుమరంగుకు తిరుగుతుంది. పక్వతను వేళ్లతో చూడాలి: పండిన ఆకు కాస్త గరుకుగా తగులుతుంది, పచ్చి ఆకు నున్నగా జారుతుంది.

4. కుప్ప పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి కొన్ని ఆకులు తీసి ప్రతి గుణానికి 5కి ఎంతో వేయండి. వాటాతో గుణించి 5తో భాగించండి. వరుసగా 5, 2, 4, 3 వచ్చిన ఆకుకు 35+12+16+9, అంటే 72. 3, 5, 4, 5 వచ్చినదానికి 21+30+16+15, అంటే 82. కంటికి మెరిసింది మొదటిదే, గెలిచింది రెండోది!

5. ఇద్దరు విడివిడిగా, ఒకరి అంకెలు ఒకరు చూడకుండా, పగటి వెలుతురులోనే వేయాలి. ట్యూబ్‌లైటు కింద పసుపు, నారింజ తేడా మోసం చేస్తుంది. ఇద్దరికీ బాగా తేడా వస్తే నమూనా ఆకులు పక్కన పెట్టుకుని మళ్లీ చూడండి.

6. వేలం పట్టీలు దాచి, మీ మార్కుల పక్కన వచ్చిన రేటు రాసుకోండి. ఎక్కువ మార్కుల బేళ్లకే తరచూ తక్కువ రేటు వస్తుంటే వాటాలు సవరించాలి. అయితే ఒక్కరోజు మార్కెట్ పడిందని మార్చొద్దు, సీజన్ ముగిశాకే మార్చండి.