అమెరికా రైల్వేల్లో ఆస్బెస్టాస్ వల్ల జబ్బుపడినవారు పరిహారం కోరడం ఎలా

అమెరికాలో ఫ్యాక్టరీ కార్మికుడికి పని వల్ల జబ్బు చేస్తే, తప్పెవరిదన్న ప్రశ్న లేకుండానే, ఆ రాష్ట్రపు వర్కర్స్ కాంపెన్సేషన్ పథకం కింద నిర్ణీత సొమ్ము అందుతుంది. రైల్వే ఉద్యోగికి ఆ దారి లేదు. 1908లో అమెరికా కాంగ్రెస్ చేసిన ఫెడరల్ ఎంప్లాయర్స్ లయబిలిటీ యాక్ట్ ప్రకారం అతను తన కంపెనీ మీద దావా వేసి, కంపెనీ నిర్లక్ష్యాన్ని రుజువు చేయాలి. రైల్వేవాళ్లందరూ ఈ చట్టాన్ని ‘ఫెలా’ అంటారు. రుజువు చేయగలిగితే వచ్చే పరిహారానికి చట్టంలో గరిష్ఠ పరిమితి అంటూ లేదు. వైద్య ఖర్చులు, పోయిన జీతం, పడిన బాధ అన్నీ లెక్కలోకి వస్తాయి. చేయలేకపోతే ఈ చట్టం కింద ఒక్క డాలరు కూడా రాదు. అందుకే ఇక్కడ జబ్బు ఎంత తీవ్రమైనదో, దానికి సంబంధించిన తేదీలూ కాగితాలూ అంత ముఖ్యమైనవి.

ముందుగా చూసుకోవలసింది మీ సంస్థ ఈ చట్టం పరిధిలో ఉందా లేదా అన్నది. సరుకు రవాణా చేసే పెద్ద రైల్వేలు, దూరప్రాంత ప్రయాణికుల రైళ్లు నడిపే ఆమ్‌ట్రాక్, న్యూయార్క్ ప్రాంతంలోని మెట్రో నార్త్, లాంగ్ ఐలాండ్ రైల్ రోడ్ వంటివి పరిధిలోకి వస్తాయి. న్యూయార్క్ నగర సబ్‌వే రాదు. అక్కడి ఉద్యోగులకు రాష్ట్రపు వర్కర్స్ కాంపెన్సేషనే దిక్కు. కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తూ రైల్వే షెడ్డులో దుమ్ము పీల్చినవారి పరిస్థితి వేరు. వాస్తవంలో వారి పనిని అదుపు చేసింది రైల్వేయేనని చూపగలిగితేనే వారికి ఫెలా తలుపు తెరుచుకుంటుంది. భారత రైల్వేలో పనిచేసి పిల్లల దగ్గరికి అమెరికా వచ్చి స్థిరపడినవారికి ఈ చట్టం వర్తించదు. వారి హక్కులు భారతీయ చట్టాల నుంచి రావలసిందే. ఆస్బెస్టాస్ పరిశ్రమల విషయంలో భారత సుప్రీంకోర్టు 1995లోనే కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగం మొదలైన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు గాని, ఉద్యోగం ముగిశాక 15 ఏళ్లు గాని, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది.

ఆస్బెస్టాస్ దుమ్ము పీల్చినంత మాత్రాన దావా నిలవదు. ఈ విషయాన్ని తేల్చింది 1997 నాటి మెట్రో నార్త్ కేసు. ఆ కేసు వేసిన పైపు పనివాడు న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ కింది సొరంగాల్లో 1985 నుంచి 1988 వరకు, పనిదినానికి గంట చొప్పున, ఆవిరి గొట్టాల మీది ఆస్బెస్టాస్ తొడుగు తీసే పని చేశాడు. ఒంటి మీద తెల్లటి దుమ్ము పేరుకుపోవడంతో ఆ పనివాళ్లను ‘గ్రాండ్ సెంట్రల్ మంచుమనుషులు’ అనేవారు. అయినా అతనికి అప్పటికి జబ్బు లక్షణాలేవీ లేవు కాబట్టి, భయం వల్ల కలిగిన మనోవేదనకు గాని, ముందు ముందు చేయించుకోవలసిన పరీక్షల కోసం ఏకమొత్తంగా గాని డబ్బు ఇప్పించడానికి అమెరికా సుప్రీంకోర్టు నిరాకరించింది. 2003లో నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ కేసులో మాత్రం, అప్పటికే ఆస్బెస్టోసిస్ (ఆస్బెస్టాస్ దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) వచ్చినవారు తమకు క్యాన్సర్ కూడా వస్తుందన్న నిజమైన, తీవ్రమైన భయానికి పరిహారం కోరవచ్చని అదే కోర్టు చెప్పింది. అంటే డాక్టరు రాసిచ్చే నిర్ధారణే దావాకు పునాది.

ఆ నిర్ధారణ ఎక్స్‌రే ఒక్కదానితో తేలదు. ఆస్బెస్టోసిస్ అనుమానం ఉంటే హై రిజల్యూషన్ సీటీ స్కాన్, ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్షలు తప్పనిసరి. ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత చేరుతోందో కొలిచే పరీక్ష కూడా వాటిలో ఉండేలా చూసుకోవాలి. వృత్తి ఆరోగ్యంపై పనిచేసే ఫెడరల్ సంస్థ ‘నయాష్’ పరీక్షలో నెగ్గిన ఎక్స్‌రే నిపుణులను ‘బి రీడర్లు’ అంటారు. వారి నివేదికకు కోర్టులో బలం ఎక్కువ. మీసోథీలియోమా (ఎక్కువగా ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే క్యాన్సర్) అయితే బయాప్సీ తీసిన కండ ముక్కలను పారేయకుండా భద్రపరచమని ఆసుపత్రికి రాతపూర్వకంగా చెప్పండి. డాక్టరుతో మాట్లాడేటప్పుడు మీరు రైల్వేలో ఏ పని చేశారో తప్పకుండా చెప్పండి. అడగకపోతే చాలామంది డాక్టర్లు చివరి ఉద్యోగం పేరు రాసుకుని ఊరుకుంటారు, నలభై ఏళ్ల కిందటి షెడ్డు పని రికార్డులోకి ఎక్కనే ఎక్కదు.

గడువు మూడేళ్లు. పీల్చిన రోజు నుంచి కాదు, జబ్బు వచ్చిందనీ దానికి పనే కారణమనీ మీకు తెలిసిన, లేదా తెలిసి ఉండవలసిన రోజు నుంచి లెక్క. 1949లో యూరీ కేసులో సుప్రీంకోర్టు వేసిన మార్గమిది. ముప్పై ఏళ్లపాటు ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేసిన యూరీకి, చక్రాలు జారకుండా చల్లే ఇసుక దుమ్ము వల్ల సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. ఎప్పుడు పీల్చిన ఊపిరితో జబ్బు మొదలైందో మనిషి కనిపెట్టలేడు కాబట్టి, తనకు తెలియకుండానే గడువు దాటిపోయిందనడం అన్యాయమని కోర్టు భావించింది. మీసోథీలియోమా బయటపడడానికి 20 నుంచి 50 ఏళ్లు పట్టవచ్చు గనుక ఈ తీర్పు లేకపోతే ఈ దావాలే ఉండేవి కావు. ‘తెలిసి ఉండవలసిన’ అన్న మాటతో జాగ్రత్త. ఐదేళ్ల కిందట ఏ డాక్టరో ‘ఇది ఆస్బెస్టాస్ మచ్చలా ఉంది’ అని రాసిన చీటీ మీ ఫైలులో ఉంటే, గడువు అప్పుడే మొదలైందని కంపెనీ లాయరు వాదిస్తాడు. పాత మెడికల్ రికార్డులన్నీ తెప్పించుకుని, లాయరు కన్నా ముందు మీరే ఒకసారి చదువుకోండి.

ఇక అసలు పని, ఉద్యోగ చరిత్ర రాయడం. నా దృష్టిలో ఈ దావాలు ఎక్కువగా గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. ‘నేను పనిచేసిన చోట ఆస్బెస్టాస్ ఉండేది’ అని రాస్తే అది సాక్ష్యం కాదు. ఏ ఊరి రౌండ్‌హౌస్ (ఇంజన్ల షెడ్డు), ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు, హోదా ఏమిటి, ఫోర్‌మన్ ఎవరు, చేతిలో ఏ పనిముట్టు ఉండేది, దుమ్ము ఎక్కడి నుంచి లేచేది అన్నవి రాయాలి. ఆవిరి ఇంజన్ బాయిలర్‌కు వేడి పోకుండా చుట్టూ ఆస్బెస్టాస్ దిమ్మలు అమర్చి, పైన రేకు తొడిగేవారు. మరమ్మతుకు రేకు విప్పి దిమ్మలను సుత్తితో పగలగొట్టినప్పుడు, కొత్త దిమ్మలను రంపంతో కోసి అతికించినప్పుడు షెడ్డంతా దుమ్ము లేచేది. ఆ పని చేసేవాడే కాదు, పక్క ఇంజన్ దగ్గర వెల్డింగ్ చేసేవాడూ పీల్చేవాడు. కాబట్టి పక్కవాళ్లు ఏ పని చేసేవారో కూడా రాయండి. 1950ల్లో డీజిల్ ఇంజన్లు వచ్చినా ఈ బెడద తీరలేదు. బ్రేక్ షూలలో, గ్యాస్కెట్లలో, ప్యాసింజర్ బోగీల ఆవిరి గొట్టాల తొడుగుల్లో అది మిగిలే ఉంది. బ్రేకుల దగ్గర పేరుకున్న దుమ్మును గాలి గొట్టంతో ఊదేవారా, తడిపి తుడిచేవారా? మాస్కు ఇచ్చారా? ఇస్తే అది గుడ్డదా, ఫిల్టరున్నదా? ఇలాంటి చిన్న వివరాలే నిర్లక్ష్యాన్ని రుజువు చేస్తాయి. రైల్వే ఉద్యోగుల పింఛన్లు చూసే ఫెడరల్ సంస్థ రైల్‌రోడ్ రిటైర్మెంట్ బోర్డు ఏటా పంపే సర్వీసు నెలల పత్రాలు, యూనియన్ కార్డులు, సీనియారిటీ జాబితాలు, పాత ఫొటోలు వెతికి తీయండి. బతికి ఉన్న తోటి పనివాళ్లకు ఇప్పుడే ఫోన్ చేయండి.

నిర్లక్ష్యం అంటే ప్రమాదం గురించి కంపెనీకి తెలిసి గాని, తెలిసి ఉండవలసి గాని తగిన జాగ్రత్త తీసుకోకపోవడం. ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులను గట్టిపరుస్తుందని 1930లోనే బ్రిటన్‌లో అధికారిక నివేదిక వచ్చింది, మరుసటి ఏడాదే అక్కడ నిబంధనలూ వచ్చాయి. కాబట్టి 1960ల్లో మాకేమీ తెలియదన్న కంపెనీ మాట అంత తేలిగ్గా చెల్లదు. కారణం విషయంలో చట్టం కార్మికుడి వైపే మొగ్గింది: గాయానికి కంపెనీ నిర్లక్ష్యం రవ్వంత తోడ్పడినా చాలునని 1957లో రోజర్స్ కేసు చెప్పింది, 2011లో సీఎస్ఎక్స్ కేసు దాన్నే నిలబెట్టింది. మీరు సిగరెట్లు కాల్చినవారైతే ఆ విషయం దాచవద్దు. పొగాకు, ఆస్బెస్టాస్ రెండూ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. మీ వంతు తప్పు ఉందని జ్యూరీ భావిస్తే ఆ మేరకు పరిహారం తగ్గవచ్చు గాని దావా కొట్టుకుపోదు. మీసోథీలియోమాకు మాత్రం సిగరెట్లతో సంబంధం లేదు.

ఇంజన్ విడిభాగాలు తయారుచేసిన కంపెనీలపై రాష్ట్ర చట్టాల కింద దావా వేద్దామనుకుంటే, 2012లో కర్న్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. దివాలా తీసిన ఆస్బెస్టాస్ కంపెనీల ట్రస్టుల సంగతి వేరు. జాన్స్ మాన్‌విల్ 1982లో దివాలాకు వెళ్లాక, బాధితులకు చెల్లించడానికి దాని పేరిట ట్రస్టు ఏర్పడింది. తర్వాత ఇలాంటివి ఎన్నో వచ్చాయి. వీటికి కోర్టు మెట్లెక్కకుండా దరఖాస్తు చేసుకోవచ్చు గాని, నిధి అందరికీ సరిపోవాలి కాబట్టి నిర్ణయించిన విలువలో కొంత శాతమే చేతికి వస్తుంది.

రిటైర్మెంట్ బోర్డు ఇచ్చే వైకల్య పింఛనుకు ఎవరి తప్పూ చూపనక్కర్లేదు. తన పాత పని చేయలేని స్థితిలో ఉన్నవారికి 20 ఏళ్ల సర్వీసు, లేదా 60 ఏళ్ల వయసుతోపాటు 10 ఏళ్ల సర్వీసు ఉండాలి, రైల్వేతో ఇటీవలి సంబంధం కూడా ఉండాలి. ఏ పనీ చేయలేని స్థితి అయితే 10 ఏళ్ల సర్వీసు చాలు. ఆ దరఖాస్తులో జబ్బు ఎప్పుడు తెలిసిందని రాస్తారో, దావాలోనూ అదే తేదీ ఉండాలి. బోర్డు నుంచి అనారోగ్య భత్యం తీసుకుని ఉంటే, కంపెనీ నుంచి పరిహారం వచ్చినప్పుడు దాన్ని తిరిగి కట్టాలి. ప్రధానంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ కూడా తన ఖర్చును రాబట్టుకుంటుంది. చేతికి నికరంగా ఎంత మిగులుతుందో లాయరు చేత ముందే కాగితం మీద వేయించుకోండి.

కంపెనీ క్లెయిమ్స్ ఏజెంటు మర్యాదగానే మాట్లాడతాడు, కానీ అతను కంపెనీ మనిషి. లాయరు లేకుండా రికార్డు చేసే వాంగ్మూలం ఇవ్వవద్దు. మీ తోటివారు మీ తరఫున సమాచారం ఇస్తే కంపెనీ వారిని శిక్షించడాన్ని చట్టం నిషేధించింది. జంకేవారికి ఆ మాట చెప్పండి. రాజీ పత్రంలో ‘ఇప్పుడు తెలిసిన, ఇకముందు తెలియబోయే జబ్బులన్నిటికీ’ అన్న వాక్యం ఉందేమో చూడండి. వెనక వినికిడి లోపం కోసం కొద్ది సొమ్ము తీసుకుని సంతకం చేసినవారిని, అదే కాగితం చూపి క్యాన్సర్ దావాలోనూ అడ్డుకునే ప్రయత్నాలు జరుగుతాయి. అలాంటి సంతకం చేసి ఉన్నా నిరాశపడి ఊరుకోక, కాగితాన్ని లాయరుకు చూపించండి. ఆనాటికి తెలియని ప్రమాదానికి అది వర్తించదని వాదించే వీలుంది.

ఉద్యోగి చనిపోతే దావా ఆగిపోదు, కానీ కుటుంబ సభ్యులు నేరుగా వేయలేరు; స్థానిక కోర్టు నియమించిన వారసత్వ ప్రతినిధే వేయాలి. బతికుండగానే అతని గడువు ముగిసిపోయి ఉంటే మరణం వల్ల కొత్త గడువు పుట్టదు. సొమ్ము ముందుగా భార్యకు లేదా భర్తకు, పిల్లలకు చెందుతుంది. వారెవరూ లేకపోతే తల్లిదండ్రులకు. ఆ తల్లిదండ్రులు విదేశంలో ఉన్నా, అమెరికా పౌరులు కాకున్నా హక్కు ఉంటుందని 1914లో మెక్‌గవర్న్ కేసులోనే తేలింది. కాబట్టి గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తల్లిదండ్రులు తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రంతోపాటు, కొడుకు పంపిన డబ్బు వివరాలున్న బ్యాంకు పాస్‌బుక్కులు కూడా సిద్ధం చేసుకోవాలి. తమకు జరిగిన ఆర్థిక నష్టాన్ని వారు చూపవలసింది వాటితోనే.